రెండో దెబ్బ

నలుగురు మగవాళ్ళు ఒకచోట చేరి పెసరట్లు తింటూ మాట్లాడుకునే విషయాలకి హద్దూ పద్దూ ఉండదు. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న మా ఇంట్లో జరిగిన చర్చ ఏమిటో తెలుసా అండీ? నడివీధిలో కొట్లాట వస్తే బాక్సింగ్ వచ్చినవాడు గెలుస్తాడా, కుస్తీ వచ్చినవాడు గెలుస్తాడా, కరాటే వచ్చినవాడు గెలుస్తాడా అని!

మా అబ్బాయిది బాక్సింగ్ పక్షం. మా ఆడపడుచు కొడుకుది కుస్తీ పక్షం. మా మరిది చదువుకునే రోజుల్లో మూణ్ణెల్లు కరాటే క్లాసుకి వెళ్ళి ఒక పసుపుపచ్చ బెల్టు తెచ్చుకున్నాడు. ఆ బెల్టు ఇప్పుడు పరుపు చుట్ట కట్టడానికి వాడుతున్నాం. అంచేత కరాటే ఆయన వంతు. మావారు న్యాయమూర్తి. ఈ నలుగురిలో ఏ ఒక్కరూ జన్మలో ఎవరిమీదా చెయ్యెత్తిన పాపాన పోలేదు. మా మరిదైతే బొద్దింక కనిపించినా మా తోడికోడల్నే పిలుస్తాడు.

"బాక్సర్ గుద్దు కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చి తగులుతుంది. మిగతావాళ్ళు కాళ్ళూ చేతులూ సర్దుకునేసరికి పని అయిపోతుంది" అని మా అబ్బాయి.

"దగ్గరికొచ్చి వాటేసుకున్నాక ఇంకేం గుద్దుతాడు బావా?" అని వాడు ఫోన్లో ఏదో తీసి చూపించాడు. నేనూ అట్లకాడతోనే వెళ్ళి చూశాను. 1976 జూన్ 26న టోక్యోలో మహమ్మద్ అలీకీ, జపాను మల్లయోధుడు ఆంటోనియో ఇనోకీకీ పోటీ పెట్టారట. అలీ అంతటివాడు నిలబడి రా రమ్మంటున్నాడు. ఆ ఇనోకీ వెల్లకిలా పడుకుని అలీ కాళ్ళమీద తన్నుతూ ఉన్నాడు! అలిగిన పిల్లలు నేలమీద పడి కాళ్ళు కొట్టుకుంటారే, అచ్చం అలాగే. పదిహేను రౌండ్లూ దాదాపు ఇదే తంతు. చివరికి ఇద్దరూ సమానమే అని తేల్చి పంపేశారు. కాని అలీ కాళ్ళు వాచి, నెత్తురు గడ్డలు కట్టి, ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది.

ఇంకోటీ చూపించాడు. 1993 నవంబరులో అమెరికాలో డెన్వర్ అనే ఊళ్ళో రకరకాల విద్యలవాళ్ళని ఒకే రింగులోకి దింపారు. ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్ ఒక్క చేతికి మాత్రం గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. రెండో చెయ్యి ఖాళీ. ఎదురుగా బ్రెజిల్ నుంచి వచ్చిన రాయిస్ గ్రేసీ అని బక్కపలచటి మనిషి. ఆయనది జుజుత్సు. రెండున్నర నిమిషాలు కాకుండానే బాక్సర్ని కిందపడేసి మీదెక్కి కూర్చుంటే, పాపం, ఆ బాక్సర్ ఓడిపోయానని ఒప్పేసుకున్నాడు.

"చూశావా అత్తయ్యా! కిందపడితే బాక్సింగ్ అయిపోయినట్టే" అన్నాడు మా ఆడపడుచు కొడుకు.

"నీ తారురోడ్డు మీద పరుపులు పరిచి ఉంటాయేమిట్రా? నువ్వు వాడిమీదెక్కి కూర్చుంటే, వెనకనించి వాడి స్నేహితుడొచ్చి నీ వీపు చీరేస్తాడు" అన్నాడు మావాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అదీ నిజమే అనిపించింది.

అంతవరకూ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మాయి మెల్లిగా అంది: "ముందర చెయ్యి విరుగుతుంది."

"ఎవరిదీ?"

"కొట్టినవాడిది. గ్లవ్సు తొడిగేది ఎదటివాడి మొహం కోసం ఒక్కటే కాదు బావా, మన చెయ్యి కోసం కూడా. లోపల పొడుగాటి బట్టపట్టీ చుట్టుకుని, దానిమీద గ్లవ్ వేస్తాం. ఉత్త పిడికిలితో నుదుటిమీద కొడితే చిటికెనవేలి కింద ఎముక పుటుక్కుమంటుంది. తలకాయ ఎముకకన్నా అది చాలా సన్నం కదా."

మగవాళ్ళు "అలాగా!" అని మళ్ళీ అట్లలో పడ్డారు. నేను మాత్రం దాని చేతుల కేసి చూశాను. అది ఈనెలు ఎడమచేత్తో తీస్తోంది. నాలుగు రోజులుగా కుడిచేతికి గుడ్డ చుట్టుకుని తిరుగుతోంది. స్నానాలగది తలుపులో పడిందంటే నమ్మి, పసుపూ సున్నం కలిపి పట్టు వేసినదాన్ని నేనే.

మా అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటున్న సంగతి మీకు చెప్పలేదు కదూ. ఎనిమిది నెలలయింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్ లోనూ, మళ్ళీ 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయినప్పటినుంచీ దీనికా పిచ్చి పట్టుకుంది. ఉద్యోగం వచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే వెళ్ళి చేరింది. మా అత్తగారు "ముక్కు పగిలితే ఎవరు చేసుకుంటారే?" అని ఒకటే గోల. నేను మాత్రం, బయట రోజులు బాగాలేవు, నేర్చుకుంటే మంచిదే కదా అనుకున్నాను. దొంగభయం ఉందని ఇంటికి తాళం కొనుక్కున్నట్టు అన్నమాట. తాళం ఎవరి తలా పగలగొట్టదు కదా అని అప్పట్లో నాకు తట్టలేదు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే వంటింట్లో అడిగాను. కాసేపు నసిగి చెప్పేసింది.

రాత్రి ఎనిమిదింటికి బస్ స్టాపులో నిలబడి ఉందట. మూడు రోజులుగా ఒకడు పక్కకొచ్చి నిలబడి ఏవో కూతలు కూస్తున్నాడట. ఆ రోజు చున్నీ పట్టుకుని లాగాడు. ఇది ఎడమచేత్తో ఒక్కటిచ్చింది. ముక్కుమీద తగిలింది. వాడు చున్నీ వదిలేసి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గాడు. అప్పుడు కుడిచేత్తో రెండోది కొట్టింది. అది కణతకీ నుదుటికీ మధ్య తగిలింది. చెయ్యి విరిగింది దానివల్లే. వాడు నిలువునా వెనక్కి పడ్డాడు. తల ఫుట్ పాత్ అంచుకి కొట్టుకుంది.

"ఆ చప్పుడు వేరేగా ఉంటుందమ్మా. ఒక నిమిషం లేవలేదు."

తరవాత వాడే లేచి కూచున్నాడట. ఎవరో నీళ్ళిచ్చారు. ఇంకెవరో ఆటో ఎక్కించారు. ఇది ఇంటికొచ్చి తలుపులో చెయ్యి పడిందని చెప్పింది.

తల్లిని కదండీ, మీ దగ్గర దాచడం ఎందుకూ? నా నోటివెంట వచ్చిన మొదటి మాట "ఎవరైనా మనవాళ్ళు చూశారా?" అని. అది నాకేసి అదోలా చూసి, "వాడు చచ్చిపోయి ఉంటే?" అంది. అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నడూ పేపరు ముట్టని పిల్ల ఆ మూడు రోజులూ జిల్లా ఎడిషన్ తో సహా ప్రతి పేజీ తిరగేసింది. ఉద్యోగ ప్రకటనల కోసం అనుకున్నాను.

మర్నాడు ఎముకల డాక్టరు ఫొటో తీసి చూసి, చిటికెనవేలి కింద ఎముకే, దీన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటాం అన్నాడు. అసలు బాక్సర్లకన్నా కోపంతో గోడల్ని గుద్దేవాళ్ళకే ఇది ఎక్కువగా వస్తుందట. ఆయన నవ్వుతూనే చెప్పాడు, మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

అప్పట్నుంచీ ఆ పొద్దుటి చర్చ నా బుర్రలో వేరేగా తిరుగుతోంది. ఏ విద్య గెలుస్తుంది అని మగవాళ్ళు అడుగుతారు. మా అమ్మాయిని అడిగితే, ఏ విద్య అయినా ఒకటేనమ్మా, నిజంగా ఎదురు తిరిగే మనిషితో సాధన చేశావా, గాలిలో చేశావా అన్నదే తేడా అంటుంది. మొదటి నెలంతా అది నేర్చుకున్నది కొట్టడం కాదట. మొహంమీదికి వచ్చేదాన్ని కళ్ళు మూసుకోకుండా చూడటమట. ఇంకో సంగతి, వాళ్ళ కోచ్ చెప్పిన మొదటి పాఠం వీధిలో గొడవైతే పరిగెత్తమని! "మరి పరిగెత్తకపోయావా?" అంటే, "చున్నీ వాడి చేతిలో ఉందిగా" అంది.

సరే, మొదటి దెబ్బ గురించి నాకు ఏ అనుమానమూ లేదు. మరి రెండోదో?

అదే అడిగాను. చాలాసేపు ఆలోచించి చెప్పింది. "క్లాసులో 'వన్-టూ' అని నేర్పుతారమ్మా. ఎడమది, వెంటనే కుడిది. ఎనిమిది నెలల్లో కొన్ని వేలసార్లు కొట్టి ఉంటాను. ఒకటి వెళితే రెండోది దానంతటదే వెళుతుంది." కాసేపాగి, "అలా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. వాడు చున్నీ వదలడం నాకు కనిపించింది" అంది.

రింగులో అయితే రెండో దెబ్బ తప్పు కాదు, అదే ఆట. 1867లో ఇంగ్లండులో క్వీన్స్ బెర్రీ ప్రభువు పేరుతో వచ్చిన నియమాల దగ్గర్నుంచీ గ్లవ్సున్నాయి, మూడేసి నిమిషాల రౌండ్లున్నాయి, పడితే పది లెక్కపెట్టడం ఉంది. కింద మెత్త ఉంది, పక్కన డాక్టరు ఉంటాడు. ఇంత కట్టుదిట్టం ఉంది కనకే లోపల అంత గట్టిగా కొట్టుకోగలుగుతున్నారు. వీధిలో ఇవేవీ లేవు. వీధి తగాదాల్లో ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు గుద్దువల్ల కాదట. గుద్దు తిన్నవాడు తెలివి తప్పి పడేటప్పుడు తల గట్టినేలకి తగలడంవల్లనట. అంటే సగం దెబ్బ మనం కొడితే మిగతా సగం ఫుట్ పాత్ కొడుతుంది. దానికి మన కోపం ఎంతో, వాడి తప్పు ఎంతో తెలియదు కదా.

అందుకేనేమో, గుద్దే విద్యలకీ పట్టే విద్యలకీ తేడా ఎవరు గెలుస్తారన్నదాంట్లో లేదనిపిస్తోంది. జపానులో జిగోరో కానో అనే ఆయన 1882లో జూడో మొదలుపెట్టాడు. అందులో పట్టిన పట్టు బిగించచ్చు, సడలించచ్చు. అవతలివాడు చేత్తో రెండుసార్లు తడితే వదిలేస్తారు. అక్కడా విసిరి నేలకేసి కొట్టడం ఉంది, కాదనను. కాని పట్టుకున్న చేతికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. గుద్దుకి అది లేదు. ఇంగ్లండులో ఆడవాళ్ళు ఓటుహక్కు కోసం పోరాడే రోజుల్లో ఎడిత్ గారుడ్ అని, నిండా ఐదడుగులు లేని ఆవిడ, వాళ్ళకి జుజుత్సు నేర్పేది. 1913లో తమ నాయకురాలు ఎమిలీన్ పాంఖర్స్ట్ ని పోలీసులు పట్టుకుపోకుండా చుట్టూ నిలబడటానికి పాతికముప్ఫై మంది ఆడవాళ్ళు దళంగా ఏర్పడితే, వాళ్ళకి నేర్పింది ఆవిడే. ఆరడుగుల పోలీసు మీదపడుతుంటే వాడి బరువుతో వాణ్ణే పడేయడం! చదువుతుంటే ఎంత సంతోషం వేసిందో. కాని చున్నీ పట్టుకుని లాగుతున్నవాడి బరువు ఎటుందో, ఆ చీకట్లో, ఆ అర సెకనులో చూసుకోమని ఎలా చెప్తాం?

మా పక్కింట్లో ఒక ముసలి ప్లీడరు గారున్నారు. ఎవరో స్నేహితురాలి కూతురి సంగతని చెప్పి ఆయన్నడిగాను. (పిన్నిగారి అల్లుడి తమ్ముడి జబ్బు అని డాక్టర్లనడుగుతామే, అలాగ.) ఆయన చెప్పినదాని సారాంశం ఇదీ. మన ఒంటిని మనం కాపాడుకోవడానికి చట్టం హక్కిచ్చింది, ఆ కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే. 1860 నాటి శిక్షాస్మృతిలోనూ అదే ఉండేది, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే ఉంది. "ఆపడానికి కొట్టచ్చమ్మా. శిక్షించడానికి కాదు, అది మా కోర్టుల పని" అన్నారు. అయితే ఆ క్షణంలో భయపడిన మనిషి దెబ్బని త్రాసులో వేసి బంగారంలా తూచమని ఏ జడ్జీ అనడని కూడా అన్నారు. వెళ్ళబోతుంటే వెనకనించి "మీ స్నేహితురాలి కూతురి చెయ్యి తగ్గిందా?" అని అడిగారు.

కోర్టులనగానే నాకు విరాటుడి కొలువు గుర్తొచ్చింది. నిండు సభలో కీచకుడు ద్రౌపదిని తంతే, రాజు నోరెత్తలేదు. మొగుళ్ళలో ఇద్దరు అక్కడే ఉండీ, గుట్టు బయటపడుతుందని ఊరుకున్నారు. పైగా ధర్మరాజు ఆవిణ్ణే లోపలికి వెళ్ళమన్నాడు. ఆ తరవాత రాత్రివేళ నర్తనశాలలో భీముడు వాణ్ణి ఉత్తచేతులతో చంపి, మాంసపు ముద్ద చేసేశాడు. మా అమ్మమ్మ ఈ కథ చెబుతూ చలిమిడి పిసికినట్టు చేత్తో చేసి చూపిస్తుంటే మేం పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్ళం. అంత అవసరమా అని ఎవరం అడగలేదు. అదే భీముడు చివర్లో గదాయుద్ధంలో నాభికింద కొట్టకూడదన్న నియమం తప్పి దుర్యోధనుడి తొడ విరిచినప్పుడు మాత్రం బలరాముడు నాగలెత్తుకుని మీదికొచ్చాడు. మగవాళ్ళిద్దరూ ఆడే ఆటకి నియమం ఉంది, దాన్ని తప్పితే మండిపడేవాళ్ళున్నారు. ద్రౌపదిని సభలో తన్నినప్పుడు నాగలి ఎత్తినవాడు ఎవడూ లేడు. న్యాయం పట్టపగలు దొరికి ఉంటే, రాత్రి ముద్ద చేసే పని ఉండేది కాదేమో. నాకీ అనుమానం ఈమధ్యనే వచ్చింది, అమ్మమ్మ లేదు అడగడానికి.

మనకి చిన్నప్పటినుంచీ నేర్పింది సహనం. "సర్దుకో", "చూడనట్టు వచ్చెయ్", "నోరుగలదని పేరొస్తుంది." గాంధీగారు కూడా 1920లో రాశారు, పిరికితనానికీ హింసకీ మధ్య ఏదో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే హింసనే ఎంచుకోమంటానని. శిక్షించే శక్తి ఉండీ శిక్షించకపోతేనే అది క్షమ అని ఆయన భావం. ఆ లెక్కన నేను ఇన్నేళ్ళూ బస్సుల్లోనూ, తిరనాళ్ళలోనూ, పెళ్ళిళ్ళలో దూరపు చుట్టాల దగ్గరా చేసినదాన్ని క్షమ అని ఎలా అనుకోను? చెయ్యెత్తే శక్తి లేక ఊరుకున్నాను. మా అమ్మాయికి ఆ శక్తి వచ్చింది. ఆగడమో ఆగకపోవడమో అన్న ప్రశ్న దానికి వచ్చింది కాని, నాకు అసలు రానేలేదు.

అలా రాసేశాను కాని, అది పూర్తిగా నిజం కాదండీ.

1988లో నేను కాలేజీకి సిటీ బస్సులో వెళ్ళేదాన్ని. మా పెద్దమ్మ కూతురు ఒక విద్య నేర్పింది, పిన్నీసు విద్య. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పిన్నీసు విప్పి రెండువేళ్ళ మధ్య పెట్టుకుని, చెయ్యి పైట చాటున ఉంచుకోవడం. బాక్సింగూ కరాటే అని మా మగవాళ్ళు అంత చర్చించారు కదా, మన దేశంలో ఆడవాళ్ళు అందరికన్నా ఎక్కువగా సాధన చేసిన యుద్ధవిద్య ఇదేనని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఒకరోజు వెనకనించి ఒక చెయ్యి వచ్చింది. పొడిచాను. "అబ్బా" అని చెయ్యి లాక్కున్నాడు. తిరిగి చూస్తే మా నాన్నగారి వయసు మనిషి, చంకలో సంచీ, అందులో తోటకూర కట్టలు. చెయ్యి దులుపుకుంటూ, వెళ్ళిపోవడానికి జనంలో దారి వెతుక్కుంటున్నాడు. అప్పుడు మళ్ళీ పొడిచాను, ఈసారి మోచేతి పైన, బాగా లోతుగా. నెత్తురొచ్చింది. అతను కెవ్వుమన్నాడు. బస్సంతా నాకేసే చూసింది. కండక్టరు "కాస్త సర్దుకోండమ్మా" అన్నాడు.

ఆ రెండోది ఆపడానికి పొడిచింది కాదు. అంతకుముందు రెండేళ్ళలో వచ్చిన చేతులన్నిటికీ కలిపి పొడిచింది. వాటి యజమానులెవరో నాకు తెలియదు. ఇతనొక్కడూ దొరికాడు. పొడిచినందుకు ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. మా అమ్మాయికి మూడు రాత్రులు పట్టలేదు. మా ఇద్దరిలో ఎవరి మనసు సరైనదో మీరే చెప్పాలి. మా అమ్మాయి చెప్పిన క్షణాన, ఆ "ఎవరైనా చూశారా" అన్న మాట కింద, నాలో ఎక్కడో ఒక మూల "బాగా చేశావ్" అన్నది కూడా ఉంది. మొదటి దెబ్బకి కాదు, రెండోదానికే. అది దానికి చెప్పలేదు. ఇది అచ్చులో చూస్తే తెలుస్తుంది.

దాని చేతికి కట్టు విప్పేశారు. మళ్ళీ క్లాసుకి వెళుతోంది. మా అత్తగారు మళ్ళీ ముక్కు సంగతి ఎత్తుతున్నారు. కోచ్ నడిగి, ఈ నెలంతా ఎడమచేత్తో ఒక్కొక్క గుద్దే కొట్టి, వెనక్కొచ్చి నిలబడటం సాధన చేస్తోందట. రెండు కొట్టడం సులువేనమ్మా, ఒకటి కొట్టి ఆగడానికి తొడలు పీకేస్తున్నాయి అంటోంది.

మొన్న ఆదివారం మళ్ళీ మగవాళ్ళు నలుగురూ చేరారు. ఈసారి కర్రసాముకీ కత్తికీ పోటీ పెట్టారు. నేను కూరలకని బస్సెక్కాను. నిలబడి కడ్డీ పట్టుకున్నాక చూసుకుంటే, నల్లపూసల గొలుసుకి పిన్నీసు అలాగే వేలాడుతోంది.